శత్రువు దగ్గర కొత్త ఆయుధం ఉందంట అన్న కబురు వస్తే దాన్ని ఎలా చూడాలి

2025 మే నెల, ఆపరేషన్ సిందూర్ నడుస్తున్న రోజులు. రాత్రి పదకొండు దాటాక మా పిన్ని ఫోన్ చేసింది. వాళ్ల చిన్నోడు జమ్మూ వైపు పోస్టింగ్‌లో ఉన్నాడు. "ఏటి బాబూ, ఆల దగ్గర ఏదో కొత్త మిస్సైల్ వచ్చీసిందంట కదా, రాడార్లకి కనబడదంట, ఎక్కడ దాక్కున్నా ఎతుక్కొని వచ్చి కొట్టీస్తాదంట, నిజవేనేటి?" అని. ఫోన్ పెట్టకముందే వాట్సాప్‌లో వీడియో కూడా పంపింది. చీకట్లో ఎర్రటి గీతలు ఒకదాని వెనక ఒకటి పైకి లేచిపోతున్నాయి, దానికి ఎవడో ఏడుపు మ్యూజిక్ కలిపాడు. రెండుసార్లు చూసినా ఏమీ తట్టలేదు. మూడోసారి మ్యూజిక్ ఆపేసి చూశాను. చెట్లు ఒక పక్కకి ఊగుతున్నాయి, పొగ మాత్రం అగరొత్తి పొగలాగ నిటారుగా పోతోంది. గాలి చెట్లకి ఉండి పొగకి లేకపోవడం ఏంటి? వీడియో గేమ్ అది. ఆ వారంలో ఇలాంటి గేమ్ వీడియోలు యుద్ధం వీడియోలుగా తిరుగుతుంటే, కేంద్రం వాళ్ల పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాటిలో కొన్నింటిని పట్టుకుని అబద్ధమని చెప్పింది.

నేను పదిహేడేళ్లు ఆర్మీ సిగ్నల్స్‌లో చేసి వచ్చి ఇప్పుడు టెక్కలిలో జిరాక్స్, నెట్ సెంటర్ పెట్టుకున్నాను. ఊర్లో నన్ను మిలట్రీ ఆయన అంటారు. అందుకని యుద్ధం మాట వస్తే చాలు, అందరి ఫార్వర్డులూ నా దగ్గరికే వస్తాయి. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను. ఇందులో రహస్యాలేమీ లేవు. చాలా మటుకు రెండో ప్రపంచయుద్ధంలో ఆర్.వి. జోన్స్ అనే కుర్ర సైంటిస్టు, అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు ఆయనకి, బ్రిటన్ వైమానిక దళం ఇంటెలిజెన్స్‌లో కూర్చుని జర్మనీ కొత్త ఆయుధాల గురించి తేల్చిన పద్ధతులే. అవి మన వాట్సాప్ గ్రూపుకి కూడా బాగానే పనికొస్తాయి.

ముందు ఒక కాగితం తీసుకోండి. ఫోన్లో నోట్స్ వద్దు, ఫోన్ చేతిలో ఉంటే ఈలోపు ఇంకో ఫార్వర్డ్ వచ్చి నెత్తిన పడుతుంది. కాగితం మధ్యలో గీత గీసి ఒక పక్క చూసింది రాయండి, రెండో పక్క అనుకున్నది రాయండి. మన జిల్లా వాళ్లకి ఈ తేడా వేరే చెప్పాలా? 2022 మేలో అసని తుఫాను టైములో సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవుకి బంగారు రథం కొట్టుకొచ్చిందని జనం విరగబడి వెళ్లారు గుర్తుందా. అక్కడ కంటికి కనబడింది ఏంటి: రథంలాంటి ఆకారం, బంగారు రంగు, మనకి రాని లిపిలో రాత. బంగారం అన్నది కళ్లతో చూసింది కాదు, మనసులో అనుకున్నది. దగ్గరికి వెళ్లి చూస్తే రంగే. ఇంకోసారి మన భావనపాడు దగ్గర సముద్రంలో మత్స్యకారులకి చిన్న విమానం లాంటిది దొరికితే మిస్సైల్ అన్నారు, గూఢచారి డ్రోన్ అన్నారు. దాని ఒంటి మీద "బాన్షీ టార్గెట్" అని రాసే ఉంది. టార్గెట్ అంటే ఏంటి, మిస్సైళ్లు పేల్చడం ప్రాక్టీసు చేసేటప్పుడు గురి పెట్టుకోడానికి ఎగరేసే బొమ్మ విమానం. చదివితే అయిపోయే పనికి ఊరంతా టెన్షన్ పడింది.

పిన్ని కబురు కూడా అలాగే రెండు పక్కలా రాసి చూశాను. చూసింది అన్న పక్క ఒక్క ముక్క లేదు. రాడార్‌కి కనబడదు, ఎక్కడున్నా వస్తుంది, అన్నీ రెండో పక్కే. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, జనం చాలామంది దీన్ని వదిలేస్తారు: ఈ ఆయుధం ఎవర్ని కొట్టడానికి తయారైంది? అప్పట్లో అందరూ మాట్లాడుకుంటున్న కొత్త మిస్సైల్ చైనా వాళ్ల పీఎల్-15. అది విమానం నుంచి వదిలి ఇంకో విమానాన్ని కొట్టేది. మా తమ్ముడు ఉన్నది నేల మీద, బంకర్లో. వాడి మీదకి అది రాదు. వాడికి వేరే ప్రమాదాలు ఉన్నాయి, వాటి సంగతి నేను పిన్నికి చెప్పలేదనుకోండి.

తర్వాత ముక్క. ఆయుధం గురించి వంద మాటల కన్నా దాని తునక ఒకటి మేలు. 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్ మీద విమానాలు కొట్టుకున్నాయి కదా, మేము ఎఫ్-16 వాడనే లేదని పాకిస్తాన్ అంది. మర్నాడు మన వైమానిక దళం ఢిల్లీలో ఒక మిస్సైల్ తునక బల్ల మీద పెట్టి చూపించింది. రాజౌరీ వైపు దొరికిన ఆమ్రామ్ మిస్సైల్ ముక్క అది, దాని మీద నంబర్లతో సహా. పాకిస్తాన్ దగ్గర ఆ మిస్సైల్ మోసే విమానం ఎఫ్-16 ఒక్కటే. అంటే తునక చూపించింది మిస్సైల్‌ని, రుజువైంది విమానం. 2025లో కూడా పంజాబ్‌లో హోషియార్‌పూర్ వైపు పొలాల్లో పీఎల్-15 ముక్కలు దొరికాయి, మే 12న ఎయిర్ మార్షల్ ఎ.కె. భారతి ప్రెస్ ముందు వాటి ఫొటోలు చూపించారు. కాబట్టి పీఎల్-15 వాడారన్న మాట నిజం. రాడార్లకి కనబడదన్న మాటకి ఆ ముక్కల్లో సాక్ష్యం లేదు. ఒక కబురులో సగం నిజమైతే మిగతా సగం కూడా దాని తోక పట్టుకుని లోపలికి వచ్చేస్తుంది, అక్కడే జాగ్రత్త పడాలి.

ఫొటోలో ముక్క కనబడితే నేను చూసేవి: దాని మీద రాత ఏ భాషలో ఉంది, నంబరు ఉందా, పక్కన సైజు తెలిసే వస్తువు ఏదైనా ఉందా (మనిషి చెప్పు, బీరు సీసా, వరి దుబ్బు, ఏదైనా సరే), నీడ ఏ పక్క పడింది, నేల ఆ ఊరి నేలలాగే ఉందా. రాజస్థాన్ ఇసుకలో పడిందంటూ పంపిన ఫొటోలో వెనకాల కొబ్బరిచెట్టు కనబడితే ఇక చదవక్కర్లేదు.

అసలు ముక్క మీ పొలంలోనే పడితే మాత్రం ఇంటెలిజెన్స్ పని మీరు చెయ్యకండి. ముట్టుకోవద్దు, కర్రతో పొడవొద్దు, నీళ్లు పొయ్యొద్దు, పిల్లల్ని దూరంగా తోలేసి 112కి ఫోన్ చెయ్యండి. పేలిందని అనుకున్నవాటిలో పేలనివి ఉంటాయి. పాత ఇనుము వాళ్లకి అమ్ముదామని ఇంటికి మోసుకొచ్చే మహానుభావులు మన దగ్గర తక్కువేమీ కాదు.

ముక్క దొరికినా మోసపోవచ్చు, ఈ కథ నాకు చాలా ఇష్టం. 1944 జూన్ 13న జర్మనీ పరీక్ష చేస్తున్న వి-2 రాకెట్ ఒకటి దారి తప్పి స్వీడన్‌లో బేకెబో అనే చోట పడింది. తునకలు బ్రిటన్‌కి చేరాయి. విప్పి చూస్తే లోపల రేడియోతో నడిపే సరంజామా చాలా ఉంది. ఓహో, ఈ రాకెట్‌ని కింద నుంచి రేడియోతో తిప్పుతారన్నమాట, అయితే ఆ రేడియోని జామ్ చేసేస్తే సరి అని లెక్కలు వేసుకున్నారు. తీరా చూస్తే ఆ సరంజామా వాసర్‌ఫాల్ అనే వేరే మిస్సైల్‌ది, పరీక్ష కోసం ఆ ఒక్క రాకెట్‌లో పెట్టారు. లండన్ మీద పడబోయే రాకెట్లలో అది లేదు. ఒక్క ఇంటికి వెళ్లి ఆ ఊరి వంట ఇదీ అని రాసేసినట్టు అయింది. అదే టైములో పోలండ్‌లో బుగ్ నది ఒడ్డున సార్నాకి దగ్గర ఇంకో వి-2 పేలకుండా పడితే, అక్కడి రహస్య సైన్యం వాళ్లు జర్మన్లకి దొరక్కుండా దాచి, విప్పి, ముఖ్యమైన భాగాలు జులైలో రాత్రిపూట దిగిన డకోటా విమానంలో ఎక్కించి పంపారు. రెండు చోట్ల ముక్కలు పక్కపక్కన పెట్టుకుంటే గానీ అసలు బొమ్మ రాదు.

ఇప్పుడు నంబర్ల సంగతి. ఎన్ని ఉన్నాయి అన్నదే అన్నిటికన్నా ఎక్కువ అబద్ధాలు పుట్టే చోటు. వెయ్యి డ్రోన్లంట, ఐదువేల ట్యాంకులంట. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ ట్యాంకులు నెలకి ఎన్ని తయారవుతున్నాయో తెలుసుకోడానికి గూఢచారుల మాటలు ఒక పక్క పెట్టి, పట్టుబడిన ట్యాంకుల భాగాల మీద వరస నంబర్లు చూసి లెక్క కట్టారు. 1940 జూన్‌కి గూఢచారుల అంచనా నెలకి 1,000, నంబర్ల లెక్క 169. యుద్ధం అయ్యాక జర్మన్ల రికార్డులు తీస్తే 122. 1942 ఆగస్టుకి గూఢచారులది 1,550, నంబర్లది 327, అసలు 342. గూఢచారి కూడా మనిషే, భయపడినవాడికి ఒక ట్యాంకు పదిగా కనబడుతుంది.

ఈ లెక్క మా మేనల్లుడికి పలాసలో జీడిపప్పు టిన్నులతో చెప్పాను. ఒక ఫ్యాక్టరీ ఈరోజు ఎన్ని టిన్నులు ప్యాక్ చేసిందో నీకు తెలియాలి, లోపలికి రానివ్వరు. టిన్నుల మీద ఒకటి నుంచి వరసగా నంబర్లు వేస్తారనుకో. బయట లారీలో, కొట్లో, ఎక్కడెక్కడో ఐదు టిన్నులు కంటపడ్డాయి: 14, 37, 52, 71, 90. అన్నిటికన్నా పెద్దది 90. అయితే 90 టిన్నులేనా? కాదు, ఆఖరి టిన్నే నీ కంట పడాలని రూలు లేదు కదా. ఐదు నంబర్లు తొంభై లోపల సర్దుకున్నాయంటే ఒక్కోదానికీ సుమారు 18 దూరం. 90 పైన కూడా ఇంచుమించు అంతే ఖాళీ ఉంటుందని అనుకోవచ్చు. 90కి 18 కలిపి ఒకటి తీసెయ్, 107. అంతే ఫార్ములా: పెద్ద నంబరు, దానికి పెద్ద నంబరుని ఎన్ని చూశామో దాంతో భాగిస్తే వచ్చింది కలిపి, ఒకటి తీసెయ్యడం. వాడు వెంటనే "మావయ్యా, ఆళ్లు నంబర్లు ఒకటి నుంచి కాకుండా వెయ్యి నుంచి మొదలెడితే?" అన్నాడు. మంచి ప్రశ్న. నంబర్లు మధ్యలో వదిలేసినా, ఒకే లారీలోవి ఐదూ చూసినా లెక్క తప్పుతుంది. అందుకే వేరువేరు చోట్ల చూసినవి కావాలి, ఒకే వీడియోని ఐదు గ్రూపుల్లో చూడటం కాదు.

అదొకటి. ఒకే మాట ఐదుగురు చెబితే ఐదు సాక్ష్యాలు అనుకుంటాం. ఐదుగురినీ నీకెవరు చెప్పారు అని అడుక్కుంటూ వెనక్కి వెళ్లండి, తొంభై పాళ్లు ఒకడి దగ్గరే ఆగుతుంది.

ఇక అసలు కిటుకు. కొత్త ఆయుధం చాలాసార్లు కొత్తగా కనబడదు, పాత వస్తువు వేషంలో ఉంటుంది. 1940 జూన్‌లో జర్మన్ బాంబర్లు చీకట్లో కూడా గురి తప్పకుండా వెయ్యడానికి ఏదో ఉందని జోన్స్‌కి అనుమానం. ఒక రహస్య సందేశంలో "క్నికెబైన్" అన్న మాట, ఇంగ్లండ్‌లో ఒక చోటు అక్షాంశ రేఖాంశాలూ దొరికాయి. ఖైదీగా దొరికిన జర్మన్ వైమానికుడు తోటివాడితో, ఎంత వెతికినా వీళ్లకి ఆ యంత్రం దొరకదు అని నవ్వుకున్నాడు. గదిలో మైకు ఉందని వాడికి తెలీదు. జోన్స్ ఆ మాట పట్టుకున్నాడు. ఎంత వెతికినా దొరకదు అంటే, అది కళ్ల ముందే ఉందన్నమాట. కూలిన జర్మన్ హైంకెల్ బాంబర్లలో కొత్త యంత్రం ఏదీ లేదు, మంచులో దిగడానికి వాడే మామూలు లోరెంజ్ రిసీవర్ తప్ప. దాన్ని పరీక్షించినాయనకి ఫోన్ చేసి, ఇందులో ఏమైనా తేడాగా ఉందా అని అడిగాడు. ఏమీ లేదు, కాకపోతే విమానం దిగడానికి అవసరమైన దానికన్నా చాలా ఎక్కువ దూరం సిగ్నల్ పట్టగలదు అన్నాడాయన.

చూశారా. రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉన్న ఇంటికి త్రీ ఫేజ్ మీటరు ఎందుకు? వెనకాల షెడ్డులో ఏదో మిల్లు తిరుగుతోందన్నమాట. అలాగే ఆ రిసీవర్‌తో జర్మనీ నుంచి వదిలిన రేడియో కిరణాన్ని పట్టుకుని, దాని దారినే బాంబర్లు వస్తున్నాయని జోన్స్ తేల్చాడు. పెద్ద పెద్ద వాళ్లు మాత్రం ఒప్పుకోలేదు, అంత పొట్టి తరంగాలు జర్మనీ నుంచి భూమి వంపు దాటి ఇక్కడికి రావు అన్నారు. జూన్ 21న బ్రిటన్ ప్రధాని చర్చిల్ ముందు కుర్రాడు విడమర్చి చెప్పాడు, ఆ రాత్రే చిన్న ఆన్సన్ విమానం రిసీవర్‌తో ఎగిరి ఆ కిరణాల్ని పట్టుకుంది. నేను సిగ్నల్స్‌లో ఉన్నప్పుడు యాంటెన్నా చూసి సెట్టు ఏదో చెప్పడం మాకూ నేర్పించారు. అవసరానికి మించి పొడవైన యాంటెన్నా కనబడితే ఎందుకు అని అడగాలి, అంతే.

పెద్దవాళ్లు చేసే ఈ తప్పు, మన చేత కాలేదు కాబట్టి వాళ్ల చేతా కాదు అన్న తప్పు, వి-2 దగ్గర కూడా జరిగింది. చర్చిల్ సలహాదారు లార్డ్ చెర్వెల్ అసలు అంత రాకెట్ అసాధ్యం అన్నాడు. ఒప్పుకున్నవాళ్లేమో బ్రిటన్‌కి తెలిసిన మందుగుండు లెక్కలోనే ఆలోచించి, దాని బరువు డెబ్భై ఎనభై టన్నులు ఉంటుందని హడలిపోయారు. జర్మన్లు వాడింది ఆల్కహాల్, ద్రవ ఆక్సిజన్. రాకెట్ మొత్తం పన్నెండు, పదమూడు టన్నులు, పేలుడు తల ఒక టన్ను. నమ్మనివాడూ తప్పే, హడలినవాడూ తప్పే. నా మట్టుకు నాకు హడలినవాడి మీదే ఎక్కువ అనుమానం, ఎందుకంటే ఆయుధాన్ని పెద్దది చేసి చెబితే లాభపడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. టీవీ వాడికి రేటింగు, కంపెనీ వాడికి ఆర్డరు. సోవియట్ల మిగ్-25 యుద్ధవిమానాన్ని అమెరికా వాళ్లు ఆకాశంలో దయ్యం అనుకున్నారు. 1976 సెప్టెంబరు 6న బెలెంకో అనే పైలట్ దాన్ని తీసుకొచ్చి జపాన్‌లో హకోడతేలో దించేశాడు. విప్పితే టైటానియం అనుకున్న చోట చాలా భాగం ఉక్కు, రాడార్‌లో పాతకాలం వాల్వులు. స్పీడు నిజమే. మిగతా దయ్యం వీళ్లు అల్లుకున్నదే.

ఊరూ పేరూ లేని ఉత్తరం లాంటి కబురు వస్తే కూడా మొత్తం చించెయ్యకండి. 1939 నవంబరులో ఓస్లోలో బ్రిటిష్ వాళ్లకి సంతకం లేని కట్ట ఒకటి అందింది. రాకెట్లు, రాడార్లు, కొత్త టార్పెడోలు, అన్నీ అందులో ఉన్నాయి. ఒక్క మనిషికి ఇన్ని తెలియవు, ఇది జర్మన్ల నాటకం అని చాలామంది పక్కన పడేశారు. అందులో తప్పులూ ఉన్నాయి, విమానాల తయారీ లెక్క దారుణంగా ఎక్కువ రాశాడు. జోన్స్ మాత్రం ఒక్కో అంశాన్ని విడిగా తీసుకుని, దేనికి వేరే చోట ఆధారం దొరుకుతుందో చూస్తూ పోయాడు. ఖాళీగా ఉన్నప్పుడల్లా ఆ కాగితాలు తిరగేసి తర్వాత ఏం రాబోతోందో చూసుకునేవాడట. రాసింది సీమెన్స్‌లో పనిచేసే హాన్స్ ఫెర్డినాండ్ మేయర్ అని తర్వాత తేలింది. ఒక మాట తప్పని పదింటినీ పారెయ్యొద్దు, ఒక మాట నిజమని పదింటినీ నమ్మొద్దు. కాగితం మీద ఒక్కోదానికి ఎదురుగా టిక్కో, ఇంటూనో, ప్రశ్న గుర్తో పెట్టుకోండి. ప్రశ్న గుర్తులు ఎక్కువైతే సిగ్గుపడక్కర్లేదు.

చివరిది మన నోటి సంగతి, ఇదే అన్నిటికన్నా కష్టం. 1944లో జర్మన్లు లండన్ మీదకి వి-1లు, అంటే పైలట్ లేకుండా ఎగిరొచ్చే బాంబులు, వదిలేవారు గానీ ఎక్కడ పడ్డాయో వాళ్లకి కనబడేది కాదు. లండన్‌లో ఉన్న తమ గూఢచారుల్ని అడిగేవారు. ఆ గూఢచారులు అప్పటికే బ్రిటన్ చేతిలో ఉన్నారు. ఊరు దాటి దూరంగా పడ్డ బాంబుల చోటు, ఇవతలే పడ్డవాటి టైము కలిపి పంపించేవారు. బాంబులు ఊరు దాటి పోతున్నాయని జర్మన్లు అనుకోవాలి, దూరం ఇంకా తగ్గించుకోవాలి, బాంబులు ఊరి నడిబొడ్డుకి ఇవతలే పడాలి. అంటే ఎక్కడ పడింది, ఎన్నింటికి పడింది, ఈ రెండు ముక్కల కోసం ఒక సైన్యం అంత ఆరాటపడింది. ఇప్పుడు మనవాళ్లు "ఇదిగో మా వీధి చివర పడింది" అని లొకేషన్‌తో సహా వీడియో పెట్టి, టైము కూడా పైన కనబడేలా ఉంచి, శత్రువు గన్నర్‌కి ఊరికే కూలి చేస్తున్నారు. రక్షణ బలగాల కదలికల్ని లైవ్‌లో చూపించొద్దని 2025 ఏప్రిల్ 26న కేంద్రం టీవీలకి చెప్పింది. అందులో కార్గిల్, ముంబయి 26/11, కాందహార్ హైజాక్ పేర్లు ఎత్తి మరీ చెప్పింది.

నోరు అదుపులో లేదని తెలిసి దాన్నే వాడుకున్నవాళ్లూ ఉన్నారు. 1971లో మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ వైపు వచ్చింది కదా. విక్రాంత్ అప్పటికి అండమాన్ వైపు ఉంది. విశాఖలోనే ఉందని నమ్మించడానికి వైస్ అడ్మిరల్ కృష్ణన్ బజార్లో రేషన్లు, మాంసం, కూరగాయలు పెద్ద ఎత్తున ఆర్డరు ఇప్పించారు. కాంట్రాక్టర్లు చెప్పుకుంటారు, చెప్పుకున్నది ఎవరి చెవినో పడుతుంది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ విశాఖ ఎదురుగానే మునిగిపోయింది. వంకాయల లెక్క కూడా ఇంటెలిజెన్సే అని నేను అందరికీ చెప్పేది అందుకే.

ఆ మే నెలలోనే ఆమదాలవలసలో, అదే శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో, బండి కోసం నిలబడి ఉన్నాను. గూడ్స్ ఒకటి వెళ్తోంది, టార్పాలిన్ కప్పిన మిలట్రీ బళ్లు. పక్కన ఇంటర్ కుర్రాడు మొదటి పెట్టె నుంచి ఆఖరి పెట్టె దాకా వీడియో తీసి, దేశభక్తి పాట తగిలించి, స్టేటస్‌లో పెట్టేశాడు కూడా. పెట్టెలు ఎన్ని, ఏ వైపు, ఎన్నింటికి, స్టేషన్ బోర్డుతో సహా అన్నీ ఉన్నాయి అందులో. పక్కకి పిలిచి వి-1 కథ, వంకాయల కథ అన్నీ చెప్పాను. పాపం బుద్ధిగా విన్నాడు. డిలీట్ చేస్తూ ఫోన్ నాకు చూపించి, "అన్నయ్యా, ఇరవై మంది చూసీసారు అప్పుడే" అన్నాడు.